మాస్టారి రికార్డులో చివరి నాలుగు నిమిషాలు

దిండి రేవులో పడవ ఇల్లొకటి కదులుతుంటే, అందులో ఎవరో పెట్టిన పాట నీటి మీదుగా వచ్చింది. ఆర్గాన్ స్వరం, లోతుగా, నెమ్మదిగా. గట్టు మీద కూర్చున్న నా ఎడమ చేతి వేళ్లు ఆ స్వరాలు వెతుక్కున్నాయి. ముప్పై ఏళ్ల క్రితం దానియేలు మాస్టారి మీద నేను చాడీ చెప్పింది ఈ పాట గురించే.

మాస్టారు రాజోలులో ఇంగ్లీషు చెప్పేవారు, ఆదివారాలు మా చర్చిలో కీబోర్డు వాయించేవారు. డిగ్రీ అయి ఖాళీగా ఉన్న నాకు వాయించడం నేర్పింది ఆయనే. ఆయన ఇంట్లో పాత ఇంగ్లీషు రాక్ రికార్డు ఒకటి ఉండేది. ఒక వైపంతా ఒకే పాట, ఇరవై నిమిషాలకు పైనే. అది తిరుగుతున్నంతసేపూ మాట్లాడకూడదు. నాకైతే చాలాసేపు గిటారూ డ్రమ్సూ పోట్లాడుకుంటున్నట్టే ఉండేది. చివర్లో ఆర్గాన్ ఒక్కటే మిగిలే నాలుగు నిమిషాలు మాత్రం కళ్లు మూసుకుని వినేవాణ్ణి.

"ఎలా ఉందబ్బాయ్?"

"అంతా అద్భుతమండీ."

"అంతానా? నాకే సగం విసుగురా!" అని నవ్వారు.

ఒక ఆదివారం, రొట్టె, ద్రాక్షారసం పంచుతున్నప్పుడు, ఆయన ఆ నాలుగు నిమిషాలూ వాయించారు. అందరూ కళ్లు తుడుచుకున్నారు. అదెక్కడిదో నాకొక్కడికే తెలుసు. ఆ కీబోర్డు ముందు నేను కూర్చోవాలని అప్పటికి ఏడాదిగా కోరుకుంటున్నాను. సాయంత్రం సంఘ పెద్ద ఇంటికి వెళ్లి చెప్పేశాను.

మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు ఆయన్ని ఆపారు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"ప్రభువు బల్ల దగ్గర తాగుబోతుల పాట వాయించేరటండీ, నిజమేనా?"

"ఆయ్, వాయించేనండి."

"తప్పనిపించలేదాండీ?"

"కళ్లు తుడుచుకున్నప్పుడు మీకూ అనిపించలేదు కదండీ."

ఎవరు చెప్పారని ఆయన అడగలేదు. ఆ రికార్డు వినడానికి వాళ్లింటికి వెళ్లేది నేనొక్కడినే. నా వైపు ఒకసారి చూసి, కీబోర్డు బీరువా తాళంచెవి వాళ్ల ముందు పెట్టేశారు.

ఆ పై వారం కీబోర్డు ముందు నేను కూర్చున్నాను. మాస్టారు మూడో బెంచీలో ఉన్నారు. భయానికి నా ఎడమ చేయి పరుగెత్తింది. అంతలో బెంచీ చెక్క మీద వేలితో కొడుతున్న తాళం వినిపించింది. దాన్ని పట్టుకుని ఒడ్డున పడ్డాను. బయటికొచ్చాక, "ఎడమ చెయ్యి తొందరపడుతోందబ్బాయ్," అన్నారు, అంతే. పోయేదాకా ప్రతి ఆదివారం నాకు అలాగే తాళం వేశారు. పోయేదాకా ఆయనకు నేను నిజం చెప్పలేదు.

దిండి నుంచి వచ్చాక, రొట్టె పంచే ఆదివారం ఆ నాలుగు నిమిషాలూ వాయించాను. అప్పటి సంఘ పెద్దకు ఇప్పుడు ఎనభై దాటాయి. నలుగురిలో అడిగారు: "ఏం కీర్తనండీ అది? ఎక్కడో విన్నట్టుంది."

"మీ ఇంటికొచ్చి నేను చాడీ చెప్పిన పాటండీ," అన్నాను, అందరికీ వినబడేలా.

కీబోర్డు బీరువాలో పెట్టి తాళం వేశాను. మూడో బెంచీ వైపు చూడలేకపోయాను. ఆ రికార్డులో మిగతాదంతా నాకిప్పటికీ నచ్చదు. మాస్టారికి కనీసం ఆ నిజమైనా చెప్పి ఉండాల్సింది.