మా బావ కుట్టిన నవల

మా బావ గ్రంథాలయంలో బైండరు. చిరిగిపోయిన పుస్తకాలను విప్పి, అతికించి, కుట్టి, కొత్త అట్ట వేయడం ఆయన పని. ముప్పై ఏళ్లుగా అదే పని, అదే దబ్బనం, అదే నడుం నొప్పి. నేను అదే భవనంలో పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే బల్ల దగ్గర కూర్చుంటాను. ఇన్నేళ్లు ఒకే చోట పనిచేసినా మేమిద్దరం పట్టుమని పది మాటలు మాట్లాడుకున్న రోజు లేదు. అందులో కొంత ఆయన తీరు, మిగతాదంతా నా కోపం.

కోపానికి కారణం ఉంది. పదకొండేళ్ల కిందట అక్కా బావల ఒక్కగానొక్క కూతురు, ఎనిమిదేళ్ల పిల్ల, నాలుగు రోజుల జ్వరంతో పోయింది. మూడో రోజుకల్లా ఈయన సంచి భుజాన వేసుకుని పనిలోకి వచ్చేశాడు. కంట తడి లేదు. అక్కడ అక్క గోడ వైపు తిరిగి పడుకుని పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉంటే, ఇక్కడ ఈ మనిషి తలుపు వేసుకుని జిగురు కలుపుకుంటున్నాడు. అప్పటినుంచీ ఆయన్ని చూస్తే నాకు ఒళ్లు మండేది. అక్క పైకి ఏమీ అనలేదు. అనకపోవడంలోనే అంతా ఉందని నేననుకున్నాను.

ఆ వారంలోనే బావ ఒక లావుపాటి నవల కుట్టి, తెచ్చి అక్క మంచం పక్కన పెట్టాడు. చదువుకో అని కూడా అనలేదు. ప్రపంచం అంతమైపోయాక జరిగే కథ అది. వానలు శాశ్వతంగా ఆగిపోతాయి. చెట్లు వేళ్లు పెకలించుకుని నీళ్లు వెతుక్కుంటూ నడిచిపోతుంటాయి. వాటి వెనకాలే ఒక తల్లీ కూతురూ నడుస్తారు. దారిలో దుమ్ము తుఫానుకి కూతురు చచ్చిపోతుంది. చివరికి తల్లి ఒక ఊట దగ్గరికి చేరేసరికి కూతురు మళ్లీ పక్కనే ఉంటుంది. తల్లి ఆ పిల్లకి జుట్టు కడిగి జడ వేస్తుంది. ఎలా బతికిందో రచయిత చెప్పడు. మా పాఠకులు ఎవరూ అడగలేదు కూడా. చెట్లు నడిచే చోట చచ్చిన పిల్ల లేచి రావడం ఏమంత వింత?

అక్క ఆ నవల చదివాకే మంచం దిగింది. ఆ తర్వాత ఏటా ఒకసారి తీసుకెళ్లి చదివేది. తేదీ ముద్ర వేసేది నేనే.

మొన్న ఆ నవలని సినిమాగా తీశారు. టికెట్లు కొని అందరినీ బయల్దేరదీసింది కూడా నేనే. మా ఆవిడ, ఆ పుస్తకాన్ని ఆరుసార్లు చదివిన లెక్కల మాస్టారు, బావ ఒప్పుకున్నారు. అక్క మాత్రం రానంది.

"నాకు పుస్తకం చాలురా. ఆ తెర మీద చూసి ఏం చెయ్యాలి?"

నేను వింటేగా. చెయ్యి పట్టుకుని మరీ మధ్యాహ్నం ఆటకి లాక్కొచ్చాను.

సినిమా మొదలైన పది నిమిషాలకే బావ కునికిపాట్లు పడ్డాడు. ఆయనకి ఆ కథ అక్క చెప్పగా విన్నదే. అరగంట గడిచిందో లేదో, తెర మీద ఊట వచ్చింది. తల్లి కూతురికి జుట్టు కడిగి జడ వేస్తోంది.

"ఇది చివర్లో కదయ్యా రావాలి!" అన్నాడు మాస్టారు, ముందు వరుస వాళ్లు వెనక్కి తిరిగి చూసేలా.

బావ నిటారుగా కూర్చున్నాడు. ఇక నిద్రపోలేదు. కాసేపటికి తెర మీద పిల్ల చచ్చిపోయింది. విరామం ఇచ్చారు. బావ నన్ను వసారాలోకి తీసుకెళ్లి, గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"ఆ జడ వేసే ఘట్టం పుస్తకంలో ఎన్ని పేజీలుంటుంది?"

"పది పదిహేను ఉంటుందేమో."

"పదహారు. సరిగ్గా ఒక ఫారం. దాన్ని నేను తప్పు చోట కుట్టాను."

ఫారమంటే పదహారు పేజీలు వచ్చేలా మడిచిన కాగితం. అలాంటివి వరసగా పేర్చి కుడితే పుస్తకం. మా దగ్గరున్న ఆ ఒక్క ప్రతికి అంతకుముందే రెండుసార్లు అంచులు కోయడంతో అడుగునుండే పేజీ నంబర్లు ఎగిరిపోయాయి. మొదట్లో ఉండాల్సిన ఫారం చివరికి పోయింది. అతుకుల దగ్గర వాక్యాలు కలవకపోతే మేమంతా దాన్ని రచయిత గొప్పతనమనుకున్నాం. ఆ వాక్యాల మీద మాస్టారు ఒకసారి మా గ్రంథాలయంలో గంటసేపు ఉపన్యాసం కూడా ఇచ్చాడు.

"మీ అక్కకి చెప్పాలి," అన్నాడు బావ.

నాకు కోపం నషాళానికి అంటింది. "నోరు మూసుకుని కూర్చో బావా! పదకొండేళ్లుగా అక్క ఆ పదహారు పేజీల మీద బతుకుతోంది. అది కూడా లాగేస్తావా?"

ఆయన లోపలికి నడిచాడు.

రెండో సగం నేను సినిమా చూడలేదు, అక్కనే చూశాను. తెర మీద తల్లి ఒక్కతే నడిచింది, ఒక్కతే కొండ ఎక్కింది. పిల్ల రాలేదు. దీపాలు వెలిగాయి. అక్క చీర కుచ్చిళ్లు సర్దుకుని లేచింది. మొహంలో ఏమీ తెలియలేదు. పుస్తకాన్ని సర్వనాశనం చేశారని మాస్టారు హాలు బయట చిందులు తొక్కాడు. మా ఆవిడ ఆయనకి నచ్చజెబుతూ ముందు నడిచింది.

మేం ముగ్గురం బస్టాపులో బల్ల మీద కూలబడ్డాం. బావ చెప్పులకేసి చూస్తూ అన్నాడు:

"సినిమావాళ్ల తప్పేం లేదు. నేను ఒక ఫారం ముందూ వెనకా కుట్టాను. ఆ పిల్ల తిరిగి రాదు."

ఆ క్షణాన ఆయన గొంతు పిసికేయాలనిపించింది నాకు.

"తెలుసు," అంది అక్క. "అతుకు దగ్గర వాక్యం కలవదు. రెండోసారి చదివినప్పుడే పట్టుకున్నాను."

"మరి అడగలేదేం?" అన్నాడు బావ.

"అడగడమెందుకు? నోటితో ఓదార్చడం చేతకాక, నా కోసం అలా మార్చి కుట్టారనుకున్నా. మూడో రోజునే పనిలోకి పోయారని మీ మీద ఉన్న కోపం ఆ పుస్తకం చూసే వదులుకున్నాను."

అవునను బావా, అని లోపల్లోపల మొక్కుకున్నాను. మాట కూడా అక్కర్లేదు, తలాడిస్తే చాలు.

"కాదు," అన్నాడాయన. "నీ కోసం చెయ్యలేదు. నాకా రోజు అక్షరాలు కనిపించలేదు. తుడుచుకున్న కొద్దీ కళ్లు నిండిపోయేవి. సూదిలో దారం ఎక్కించడానికే చాలాసేపు పట్టింది. ఏ ఫారం చేతికొస్తే అది కుట్టేశాను."

బస్సు వచ్చి ఆగింది. ముగ్గురిలో ఎవరమూ లేవలేదు. నాకు సిగ్గేసింది. ఆ మనిషిని పదకొండేళ్లుగా నేను తిట్టుకోని రోజు లేదు.

"ఇంట్లో ఏడవొచ్చుగా," అంది అక్క. "నా పక్కన."

"నేను కూడా పడిపోతే ఇక మనం లేవమనుకున్నాను. అక్కడ తలుపేసుకుని ఏడ్చి, సాయంత్రం మొహం కడుక్కుని వచ్చేవాణ్ణి."

"ఎన్నాళ్లు?"

బావ కాస్త ఆలోచించాడు.

"ఈ మధ్య రోజూ లేదులే," అన్నాడు.