కాన్హాకి అక్క వేసిన దారి

పోయిన నెల మా తోడికోడలు, నేను అక్కా అని పిలిచే మనిషి, పోయింది. ఇంటిల్లిపాదీ వ్యాను మాట్లాడుకుని కాన్హా అడవికి బయలుదేరడానికి అప్పటికింకా మూడు వారాలుంది. ఆ కబురు వచ్చేసరికి నేను చెన్నై చింతాద్రిపేటలోని మా ఇంట్లో ఇడ్లీలకి పిండి రుబ్బుతున్నాను. గ్రైండరు మోతలో ఫోన్లో మా ఆయన మాట వినపడలేదు. మోత ఆపి మళ్ళీ అడిగితే, "వదిన లేదే ఇంక" అన్నాడు. అత్తగారు, బావగారు, ఆఖరికి నా కూతురు కూడా ఆసుపత్రిలో ఆమె మంచం చుట్టూ ఉన్నారట. నేనొక్కదాన్నే లేను. ఏడుపు కంటే ముందు నాకు కుళ్ళు వచ్చింది. పోయేటప్పుడు కూడా అందరినీ తన చుట్టూ కూర్చోబెట్టుకుని, నన్ను మాత్రం పిండి దగ్గర వదిలేసింది అనుకున్నాను.

ఇలాంటివి రాయకూడదని నాకు తెలుసు. కానీ అక్క గురించి నిజం రాయాలంటే ఇక్కడే మొదలుపెట్టాలి. పదిహేడేళ్ళు ఒకే వంటింట్లో మసిలాం. నేను మైలాపూరుకి ఉద్యోగానికి పోగలిగానంటే, పొద్దున్నే నా కూతురికి జడవేసి బడికి పంపిన చేతులు ఆమెవే. ఆ జడ నేను వేసేదానికంటే బిగువుగా ఉండేది, సాయంత్రానికి కూడా ఒక్క వెంట్రుక ఊడేది కాదు. దానికీ కుళ్ళుకున్నాను. ఆ ఇంట్లో నేను కోరింది ఒక్కటే. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నా మాట ఆమె నోటి గుండా కాకుండా నేరుగా నెగ్గాలి.

రెండేళ్ళ క్రితం ఒక మధ్యాహ్నం ఇద్దరం రొయ్యలు ఒలుస్తూ కూర్చున్నాం. జువాలజీ చదివే రోజుల్లో పుస్తకంలో చూసిన బారాసింగా జింక గురించి చెప్పాను. కొమ్మలు కొమ్మలుగా చీలిన పెద్ద కొమ్ములు దానికి. మధ్యప్రదేశ్‌లో కాన్హా అనే అడవిలో ఉంటుందనీ, బతికుండగా ఒకసారి చూడాలనుందనీ అన్నాను.

"జింకని చూసేదానికి అంత దూరమా? ఈడ గిండీ పార్కులో లేవా?" అని నవ్వింది.

నాలుగు రోజుల తర్వాత రాత్రి భోజనాల దగ్గర, అందరి ముందూ, "మనం కాన్హా పోదాం. ఆడ బారాసింగాలని ఉంటాయంట, చూడాల" అంది. "నువ్వు చెప్తే ఇంకేముందే, పోదాం" అన్నారు అత్తగారు. బావగారు అప్పుడే వ్యాను సంగతి ఎత్తారు. నేను సాంబారు గరిటె పట్టుకుని నిలబడ్డాను. సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఏమిటో ఆ పూట అర్థమైంది.

ప్రయాణాల విషయంలో ఆమెది ఒక పద్ధతి. గోడ మీద క్యాలెండరు నుంచి రోజూ చించే తేదీ కాగితాలు పారేసేది కాదు. వాటి వెనక పెన్సిలుతో రాసేది. ఎక్కడ ఆగాలి, ఎంతసేపు ఆగాలి, అత్తగారి మోకాళ్ళు ఎన్ని గంటలు ఓర్చుకుంటాయి, బావగారికి కాఫీ ఎప్పుడు పడాలి. "దారి బండిది కాదమ్మే, బండిలో కూర్చునేవాళ్ళది" అనేది.

ఈ ఏడాది ప్రయాణం ఖాయమయ్యాక, నాకూ పౌరుషం ఉంది కాబట్టి ఆఫీసు కంప్యూటర్లో నేనూ ఒక దారి వేసి తెచ్చాను. కాన్హాకి పోయే దారి సగం మా చుట్టాల మధ్య నుంచే పోతుంది. నాయుడుపేట, నెల్లూరు, ఒంగోలు, విజయవాడ, ఊరికొక పిన్నో మామో ఉన్నారు. ఇంటికి రాకుండా ఊరు దాటి పోయామని తెలిస్తే పదేళ్ళు మాటలుండవు. అందరిళ్ళకీ పోతే మేం చేరేసరికి వానాకాలం వచ్చి అడవి మూసేస్తారు. నా దారిలో హోటళ్ళున్నాయి, పెట్రోలు బంకులున్నాయి, చుట్టాలు లేరు. అక్క దాన్ని పైనుంచి కిందికి చూసి, "ఇది లారీ పోయే దారి" అంది.

మర్నాడు ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. "మేము ఇంటికి రాలేము పిన్నీ, మీరే హైవే మీదికి రండి. క్యారియర్ తీసుకోని రండి. పది నిమిషాలు నిలబడి మాట్లాడుకుందాం." కోపం తెచ్చుకుంటారని నేను ఎదురుచూశాను. ఎవరూ తెచ్చుకోలేదు సరికదా, ఎవరేం తేవాలని వాళ్ళలో వాళ్ళు పోటీ పడ్డారు. నెల్లూరు పిన్ని చేపల పులుసు తెస్తానంటే, "వద్దు పిన్నీ, బండిలో నీసు వాసనకి పిల్ల కక్కుద్ది, పులిహోర చాలు" అంది. ఆ పిల్ల నా కూతురు. దానికి ఆ వాసన పడదని కన్నతల్లిని నాకు తట్టలేదు, ఆమెకి తట్టింది. ఆ రోజంతా నాకు ఒళ్ళు మండుతూనే ఉంది.

ఆమెను గుండెజబ్బుతో ఆసుపత్రిలో చేర్చిన మూడో రోజు పక్కన నేనొక్కదాన్నే ఉన్నాను. బత్తాయి ఒలుస్తున్నాను.

"ఏమ్మే, ఆ బారాసింగా నీ మాటే కదా. నేను చెప్పేస్తినని కోపమా?" అంది.

లేదన్నాను.

"ఉంటది లే. నాకు నిన్ను చూస్తే కుళ్ళు, తెలుసునా? నీకు చూడాలనుకున్నది ఒకటుంది. దానికి పేరు కూడా ఉంది. నాకేమో ఎవురు ఎంతసేపు కూర్చుంటారు, ఎవురికి ఏం పడదు, అదే తెలుసు. నీకేం కావాలని ఒకరడిగితే చెప్పేదానికి నా దగ్గర ఏమీ లేదు. అందుకే సుమ్మా, ఊరికే, నీది తీసుకుంటిని."

చెయ్యి పట్టుకోవలసింది. పట్టుకోలేదు. నా మీద ఒకరికి అసూయ, అదీ ఆమెకి! లోపల గొప్ప సంతోషం కలిగింది. అది ఆమెకి కనపడకూడదని తల వంచుకుని బత్తాయి ఒలుస్తూనే ఉన్నాను. ఆమెకి ఏం కావాలో అప్పుడైనా అడగాలని తోచలేదు. పదిహేడేళ్ళలో ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు, అది వేరే సంగతి.

ఏడాది మైల కాబట్టి ప్రయాణం ఆగిపోయింది. పోయిన ఆదివారం అత్తగారే మాటెత్తారు. "ఏడాది తిరిగినాక పోదాం. అది అంత ఆశగా అన్నీ రాసిపెట్టింది" అని, నా వైపు తిరిగి, "ఎప్పుడు బయల్దేరేది నువ్వే చెప్పమ్మా" అన్నారు. బావగారు, మా ఆయన, నా కూతురు, అందరూ నా మొహమే చూస్తున్నారు. నేను పదిహేడేళ్ళు కాచుకున్న ఘడియ అది.

"శుక్రవారం పదకొండింటికి" అన్నాను.

శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. ఆ వేళలో మా అత్తగారు కరివేపాకు కొనడానికి కూడా గడప దాటరు. అది తెలిసే అన్నాను. ఎవరో ఒకరు అడ్డుపడతారని, అక్క ఉంటే అనేటట్టు నెత్తిన మొట్టి "నీకు బుద్ధుందా" అంటారని చూశాను.

బావగారు తల ఊపారు. నా కూతురు "సరిమా" అంది. అత్తగారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ, "సరే, అట్నే కానీ" అన్నారు.

మా ఆయన ఫోన్లో రాసుకున్నాడు. శుక్రవారం, పదకొండు.