పూయనియ్యని పొన్నగంటి

ముందు ఆ పువ్వు సంగతి రాసుకో. నేను మన మాటలోనే చెప్తాను, నువ్వు చదువుకున్న తెలుగులో రాసుకుంటావు, ఫర్వాలేదు. కానీ మనుషులు మాట్లాడుకున్న మాటలను మాత్రం దిద్దకు. మా అత్త మాటలు దిద్దితే ఆమె కల్లోకి వచ్చి నన్నే తిడుతుంది.

నేను సంగారెడ్డిలో ఒక కాలేజీలో, మొక్కల పాఠాలు చెప్పే ల్యాబులో అటెండర్‌గా పనిచేశాను కదా. ముత్తంగి దగ్గర మన ఊళ్లో బస్సెక్కితే పోతిరెడ్డిపల్లి వచ్చేదాకా సీటు దొరికేది కాదు, దొరికేసరికి దిగాల్సి వచ్చేది. గాజుసామాను కడగడం, మొక్కలను పాత పేపర్ల మధ్య అదిమి ఎండబెట్టడం, తడిసిన పేపర్లు మార్చడం నా పని. మా మేడం చెరువుల్లో పెరిగే మొక్కల మీద పరిశోధన చేసేది. పటాన్‌చెరు చుట్టుపక్కల చెరువుల్లోకి ఫ్యాక్టరీల నీళ్లు వచ్చాక ఏ మొక్కలు పోయాయి, ఏవి కొత్తగా వచ్చాయి అని చూసేది.

ఒకరోజు పేపర్లు మారుస్తుంటే ఒక కొమ్మ బయటపడింది. చూడగానే పొన్నగంటి అనుకున్నాను. కణుపుకు రెండేసి ఆకులు, ఎదురెదురుగా, అదే రూపు. పువ్వు దగ్గర మాత్రం తేడా. పొన్నగంటికి చిన్న తెల్లపువ్వు ఆకు మొదట్లోనే కాండానికి అతుక్కుని ఉంటుంది. దీనికి పొడుగాటి కాడ, ఆ కాడ చివర తెల్లటి గుండు.

"గిదేంది మేడం, పొన్నగంటికి కాడ మొలిచింది?"

"అది పొన్నగంటి కాదమ్మా, దాని చుట్టం. బయటి దేశాల నుంచి వచ్చింది. మురికినీళ్లలో ఇంకా బాగా పెరుగుతుంది. ఆ నీళ్లలో ఉన్న విషాలను కూడా పీల్చుకుని ఆకుల్లో దాచుకుంటుంది. మీ ఊరి చెరువులోదే ఇది, మొన్న తెచ్చాను."

పేపరు నా చేతిలోనే ఉండిపోయింది. ఎందుకంటే అప్పుడు మీ అమ్మ తొలి కాన్పుకు మా ఇంటికి వచ్చి ఉంది. కడుపులో ఉన్నది నువ్వే. కడుపుతో ఉన్న మనిషికి పొన్నగంటి పెడితే పుట్టే బిడ్డకు చూపు బాగుంటుందని మా అత్త నమ్మకం. మనవరాలు వచ్చిన దగ్గర్నుంచి పెసరపప్పులో వేసి, ఒట్టిగా వేయించి, ఏదో ఒక రకంగా అదే కూర పెడుతోంది. ఆ కూర చెరువు తూము కింది కాలువలోది.

ఆరోజు బస్సులో సీటు దొరికినా కూర్చోబుద్ధి కాలేదు. ఇంటికి పోయేసరికి అత్త చాట ముందేసుకుని ఆకు ఏరుతోంది.

"అత్తమ్మా, మన పొన్నగంటికి పువ్వు యాడ పూస్తది? ఆకు మొదట్లనా, కాడ మీదనా?"

"నేనెందుకు పూయనిస్త?" అంది తల ఎత్తకుండా. "పూసిందంటె ముదిరినట్టు. ముదురు కూర ఎవలు తింటరే? లేత కొసలు గిల్లుకుంట పోతె మల్ల సిగురు వెడ్తది."

చూశావా! రెండు మొక్కలను విడదీసి చెప్పేది ఆ ఒక్క పువ్వు. మా ఇంట్లో ఆ పువ్వును ఎవరూ చూడలేదు, మా అత్త వేళ్లు దాన్ని పుట్టనివ్వలేదు.

"ఇది ఒక్క తాన్నే తెంపుతున్నవా?"

"కొంత బాయి కాడిది, కొంత తూము కాడిది. తూము కాడిది మంచిగ బలిసున్నది."

"ఆ నీళ్లు చూస్తలేవా అత్తమ్మా? బర్లు గూడ మూతి పెడ్తలేవు."

"నీళ్లు ఖరాబైతె కూర గంత పచ్చగ ఎట్లుంటది? కాలేజీల సీసలు కడిగి కడిగి నీకు తినే కూడు మీద గూడ అనుమానమే."

మీ అమ్మ లోపలి నుంచి అరిచింది: "మీ లొల్లి అయినంక పిలువుండ్రి, నాకు ఆకలైతుంది!"

ఆ పూట పచ్చిపులుసుతో సరిపెట్టాను. మా అత్త నాతో మాటలు బంద్ చేసింది. ఇక ఆ కూర పెట్టకుండా ఆపగలను, కానీ తిన్నది తిన్నదే కదా. అది ఏ మొక్క? పొన్నగంటే అయితే కాస్త నిమ్మళం. ఆ చుట్టమైతే?

తెల్లారి రెండు చోట్ల నుంచీ కొసలు తెంపుకుని మేడం దగ్గరికి పోయాను. ఆమె కాండాన్ని అడ్డంగా కోసి చూసింది, భూతద్దంలో నూగు చూసింది. తూము దగ్గరిది లోపల బోలుగా ఉంది.

"ఇది అదేనా మేడం?"

"నీళ్లలో పెరిగితే పొన్నగంటి కాండం కూడా బోలుగానే అవుతుంది. పువ్వు లేకుండా చెప్పలేను. తొందరపడి చెప్తే నీకే నష్టం." నా ముఖం చూసి మళ్లీ అంది: "హైదరాబాదులో నా స్నేహితురాలి ల్యాబులో ఆకు నుంచి డీఎన్ఏ తీసి చూస్తారు. పంపుదాం."

ఆకును పచ్చిగా పంపితే కుళ్లిపోతుంది. నీలం రంగు గుళికలుంటాయి, తడి పీల్చుకుంటే గులాబీ రంగుకు తిరుగుతాయి. ఆ గుళికల్లో లేత ఆకులు పెట్టి ఎండబెట్టాలి. ఆ పని ఎన్నోసార్లు చేసినదాన్నే, ఆరోజు మాత్రం డబ్బా మూత తీసి తీసి చూశాను. మేడం కసిరింది: "మూత తీస్తే గాలిలో తేమే పీల్చుకుంటాయి, ఉండనివ్వమ్మా!"

ఎండిన ఆకులు హైదరాబాదుకు పంపాం, ఇక అక్కడి నుంచి జవాబు రావాలి. ఇంట్లో ఊరికే కూర్చోలేక పగిలిన బకెట్లు రెండు తెచ్చి, బావి దగ్గరి కొమ్మ ఒకదాంట్లో, తూము దగ్గరి కొమ్మ ఇంకోదాంట్లో నాటాను. ముట్టొద్దని అందరికీ చెప్పాను. కొసలు లేచాయి. ఒకరోజు కాలేజీ నుంచి వచ్చేసరికి రెండు బకెట్లలోనూ కొసలు లేవు.

"అత్తమ్మా!"

"నేను గావాలని తెంపలే," అంది. అన్ని రోజుల తర్వాత ఆమె నాతో అన్న మొదటి మాట అది. "అటుకెల్లి పోతుంటె చెయ్యి దానంతటదే పోయిందే. వొండలే, ఏం జెయ్యలే, కోళ్లకేసిన."

మళ్లీ చిగురించే దాకా ఆగాలి. ఈసారి రెండింటి మీదా కోళ్ల గంపలు బోర్లించి, మీద రాళ్లు పెట్టాను. మీ తాత షిఫ్టు నుంచి వచ్చి చూసి, "బకెట్లను జైల్ల వేసినవా?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మీ అమ్మ కాళ్లు వాచినా, తల తిరిగినా, రాత్రి నిద్రలో మూలిగినా నాకు తూమే గుర్తొచ్చేది.

ముందు వచ్చింది హైదరాబాదు జవాబే. నల్లటి ఫొటో, దాని మీద నిచ్చెన మెట్లలా తెల్లటి అడ్డగీతలు. మేడం వేలు పెట్టి చూపించింది. "ఈ వరుస అసలు పొన్నగంటి. ఇది దాని చుట్టం. బావి దగ్గరి ఆకు గీతలు మొదటిదానితో కలిశాయి. తూము దగ్గరివి రెండోదానితో."

"మరి విషం ఎంతున్నదో ఈ గీతలల్ల ఉంటదా?"

"ఉండదమ్మా. మొక్క ఎవరో చెప్తాయి. అది ఏం తాగిందో చెప్పవు. దానికి వేరే పరీక్ష, ఆ వసతి మన దగ్గర లేదు. డాక్టరమ్మకు మాత్రం తప్పకుండా చెప్పు."

చెప్పాను. ఆమె రక్తపరీక్షలు రాసింది, బిడ్డ కదలిక చూసింది, అంతా బాగానే ఉందంది. అయినా నా లోపల కుదురు లేదు.

కొన్నాళ్లకు తూము బకెట్‌లో పువ్వు వచ్చింది. మేడం పేపర్లలో చూసినట్టే, పొడుగాటి కాడ మీద. గంప ఎత్తి చూసింది మా అత్తే. నేను వచ్చేసరికి ఆ బకెట్ ముందు గొంతుకూర్చుని ఉంది. బావిది కూడా పూసింది, ఆకు మొదట్లో. ఆమె ఒకసారి ఇటు చూసి, ఒకసారి అటు చూసి అడిగింది:

"నేను పిల్లకు పెట్టిన దాంట్ల ఇదెంత, అదెంత?"

"నీకే తెల్వాలె అత్తమ్మా."

"రెండు గూడ ఒక్క కొంగులనే తెంపుకొస్తి గదనే," అంది.

ఆ తర్వాత బావి దగ్గరి పొన్నగంటిలో ఎప్పుడూ ఒక మూల గిల్లకుండా వదిలేది. పూశాకే మిగతాది తెంపేది. ఎవరైనా అడిగితే, "పూసి దాని పేరు జెప్పనీయుండ్రి, అటెన్క తిందురు," అనేది.

నువ్వు పుట్టావు. కాళ్లు చేతులు బాగున్నాయి, గట్టిగా ఏడ్చావు. అందరూ నీ రంగు చూస్తుంటే మా అత్త నీ కళ్ల ముందు గాజుల చెయ్యి అటూ ఇటూ ఊపింది. పురిటి బిడ్డకు చూపు నిలవదని ఆమెకు తెలియదా, ఎంతమందిని పెంచింది! అయినా ఊపుతూనే ఉంది. నెలలు గడిచాక నువ్వు ఆ గాజుల వెంట తల తిప్పితే కొంగుతో ముఖం తుడుచుకుని లేచి పోయింది.

పదో తరగతిలో నీకు కళ్లద్దాలు పడ్డాయి. మీ నాన్నకూ ఉన్నాయి, ఇది మామూలేనని డాక్టరు అన్నాడు. మీ అమ్మా అదే అంది. నేనూ తల ఊపాను. కానీ నువ్వు పుస్తకం మీదికి వంగినప్పుడల్లా నాకు ఆ తూము, ఆ పచ్చదనం, మా అత్త కొంగు కనబడతాయి. ఆ కొంగులో ఏది ఎంతో ఏ గీతలు చెప్తాయి?

"అమ్మమ్మా, ఇది గూడ రాయాల్నా?" అంటావేంది? రాయి, అన్నీ రాయి. గా లైటు కాడికి జెర జరిగి రాయి బిడ్డా, కండ్లు గుంజుతయి.