పీర్ల పెట్టె ముందు అన్న మాట

హిందువైన మా హుసేనప్పకు ఆ పేరేమిటని పైఊళ్లవాళ్లు అడిగినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా ఏ ఊళ్లో కేకేసినా ఒక హుసేనప్ప పలుకుతాడు. ముగ్గురు బిడ్డలు పోయాక వాళ్లమ్మ పీర్లకు మొక్కుకుంటే నిలిచిన కొడుకు ఇతను. బిడ్డ బతికితే నీ సేవకే అన్నది ఆమె మొక్కు. పొట్టి మనిషి, కూలి పని. శ్రావణంలో ఉరుకుంద ఈరన్న గుడికి నడిచిపోతాడు, మొహర్రంలో మా పెద్ద పీరు పంజాను ఎత్తుతాడు. ఇరవై ఏళ్లుగా ఆ పీరును ఇంకొకరు ఎత్తింది లేదు.

నేను ఫక్రుద్దీన్. మాది ముజావర్ల ఇల్లు. పీర్ల చావిడి ఊడ్చేది, ఊదు వేసేది, మొహర్రంలో పీరును పెట్టెలోంచి తీసి ఎత్తేవాడి చేతికిచ్చేది మేమే. నన్ను కన్న మా అబ్బకు చూపు మందగించాక ఆ పని నా మీద పడింది. మిగతా రోజుల్లో కుట్టుమిషన్ తొక్కుతాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంటామె మున్నీ బీ అంటుంది. ఉంటే ఉండనీ.

డెబ్బై ఎనిమిది ఎలక్షన్లప్పుడు చెయ్యి గుర్తువాళ్లు హుసేనప్ప వాళ్ల వీధిలో బోరింగు వేయించారు. నీళ్లు పడిన రోజే ఆయన, ఎవరూ అడక్కుండా, చావిడికొచ్చి పీర్ల పెట్టె తాకి, “నా పానముండేంత వరకు నా ఓటు ఆ పార్టీకే” అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. మా దిక్కున ఆ పెట్టె ముందు అన్న మాటను ఎవరూ వెనక్కి తీసుకోరు.

ఎనభైలో ఆ బోరింగు విరిగింది. బాగు చేయించండయ్యా అని ఆ పార్టీవాళ్ల చుట్టూ తిరిగి తిరిగి మా చెప్పులు అరిగాయి. ఆడవాళ్లు మైలున్నర నడిచి కాలువ నీళ్లు మోసుకొస్తున్నారు. వాళ్లలో హుసేనప్ప భార్య నాగమ్మ కూడా ఉంది, నడుంనొప్పితో. ఎనభై మూడు ఎలక్షన్లలో సైకిలు గుర్తుతో కొత్త పార్టీ వచ్చేసరికి నేను మిషన్ మూసిపెట్టి ఇల్లిల్లూ తిరిగాను. అందరూ సరేనన్నారు. హుసేనప్ప ఒక్కడే కదల్లేదు. ఆయన్ను చూసి ఓటేసేవాళ్లు ఆ వీధిలో ముప్పై మంది ఉన్నారు.

“నాగమ్మక్క నడుము ఇరుగుతాండాది, కనపడలేదా హుసేనన్నా?”

“కనపడతాంది.”

“మరి?”

“మాటిచ్చినా కదప్పా. ఏరు దాటినాక తెప్ప తగలేయమంటావా?”

“ఆ తెప్ప మునిగి మూడేండ్లాయ. ఇంగా దాన్నే పట్టుకోని యాలాడతాండావు.”

ఆయన నవ్వాడు. ఆ నవ్వుకే నాకు తిక్క రేగింది. “అయితే పెట్టె కాడికి రా. పీరునే అడుగుదాం” అన్నాను.

వచ్చాడు. పీరు చెప్పేది ముజావరుకే వినపడుతుందని మా ఊరి నమ్మకం. ఊదు వేసి కళ్లు మూసుకున్నాను. నాకు ఏమీ వినపడలేదు. వినపడుతుందని నేను అనుకోనూ లేదు. కళ్లు తెరిచి, “నీ మాట తీరిపోయిందంట. పీరు నిన్ను ఇడిసిపెట్టినాడు. సైకిలుకు ఎయ్యమన్నాడు” అని, ఆయన నుదుట ఇంత ఊది రాశాను. హుసేనప్ప పెట్టెకు మొక్కి వెళ్లిపోయాడు.

ఓటేసి వస్తుంటే అడిగాను. “నువ్వు సెప్పినట్టే ఏసినా” అన్నాడు తల వంచుకుని. ఇంకేం, హుసేనప్పనే తిప్పేశానని టీకొట్టు దగ్గర వారం రోజులు కోతలు కోశాను. కొత్త సర్కారు కూడా వచ్చింది. బోరింగు మాత్రం విరిగే ఉంది.

ఆ అక్టోబరులో మొహర్రం. పీర్లు లేచే రోజు డప్పులు మోగుతున్నాయి, ఊరంతా చావిడి ముందే ఉంది. హుసేనప్ప స్నానం చేసి, తడి బట్టలతోనే వచ్చి గడప బయట కూర్చుండిపోయాడు. పెద్ద పీరు నా చేతుల్లో ఉంది.

“లెయ్యన్నా, పొద్దు పోతాంది.”

“నేనెత్తనప్పా. ఇంకెవరికన్నా ఇయ్యి.”

డప్పులు ఆగాయి.

“నీకు అబద్ధం సెప్పినా ఫక్రూ” అన్నాడు. “ఓటు పాతదానికే ఏసినా. ముద్ర పట్టుకోని నిలబడితే ఆ పొద్దు పెట్టె ముందు అన్న మాటే గుర్తుకొచ్చింది. పీరు ఇడిసిపెట్టినాడని నువ్వు సెప్పినా నాకు మనసు రాలే. పీరు మాట తోసేసినోణ్ని, ఇంగ యే మొగంతో ఎత్తేది? మా యమ్మ మొక్కు నాతోనే తెగిపాయ. తొమ్మిది నెల్లాయ, నాకు నిద్ర ల్యాదు.”

పీరు నిన్ను క్షమించాడని ఒక్క మాటంటే చాలు, లేచి ఎత్తేస్తాడు. నా పరువూ నిలుస్తుంది. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. ఆయన దాన్నీ నమ్ముతాడు. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

“పీరు నాకేమీ సెప్పలేదన్నా. ఆ పొద్దు మాట్లాడింది నేనే” అన్నాను.

ఊరంతా విన్నది. అరుగు మీద మా అబ్బ తల దించుకున్నాడు.

“అయితే పీరు నన్ను ఇడిసిపెట్టలేదా?”

“లేదన్నా.”

“నేను తప్పు సెయ్యలేదా?”

“నువ్వు సెయ్యలేదు. నేను సేసినా.”

హుసేనప్ప పైగుడ్డతో మొహం కప్పుకుని ఏడ్చాడు. తరువాత లేచి చేతులు చాపాడు, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

“నువ్వియ్యొద్దు ఫక్రూ. మీ అబ్బతో ఇప్పియ్యి.”

చెప్పుతో కొట్టినా బాగుండేది. మా అబ్బ తడుముకుంటూ వచ్చి నా దగ్గర పీరును అందుకుని ఆయన చేతుల్లో పెట్టాడు. డప్పులు మళ్లీ మొదలయ్యాయి. నేను అందరికన్నా వెనక నడిచాను.

పీరు ఎత్తినవాడి కాళ్ల మీద ప్రతి ఇంటి ముందూ నీళ్లు పోస్తారు. హుసేనప్ప వాళ్ల వీధికి వచ్చేసరికి నాగమ్మ కాలువ నుంచి తెచ్చిన బిందె పక్కన పెట్టుకుని నిలబడి ఉంది. పీరు ఆమె ముందు ఆగింది. ఆమె వంగబోయి, నడుం పట్టుకుని ఆగిపోయింది. నేను జనాన్ని తోసుకుని ముందుకు పోయి ఆ బిందె ఎత్తి హుసేనప్ప పాదాల మీద నీళ్లు పోశాను. ఆయన కాళ్లు వెనక్కి తీసుకోలేదు.