స్టోరు గదిల ఇన్‌చార్జి టీచరమ్మ

ఆ రోజుల్ల ఇరవై ఏండ్లకే నౌకరి దొరికితే లోకమంత అర్థమైపోయినట్టుండేది. నాకైతే జర ఎక్కువనే అర్థమైంది. నల్లగొండల మెట్రిక్ పాసై, టీచర్ ట్రైనింగ్ చేసి, పాలమూరు పట్నంల ఆడపిల్లల హైస్కూల్ల లెక్కల టీచరమ్మగ చేరిన కొత్తల సంగతి ఇది. పేరుకు హైస్కూలే గని పదో తరగతి ఇంకా మంజూరు కాలేదు. తొమ్మిది అయిపోయిందంటే మా పిల్లలల్ల సగానికి సగం ఇంట్ల కూసునేటోళ్ళే. మొగపిల్లల బడికి ఎవరు పంపుతరు? ఒక కప్పు కిందనే ఉర్దూ తరగతులు, తెలుగు తరగతులు. పర్దా కట్టిన రిక్షాల వచ్చే పిల్లలు, కిరాణా సేట్ల బిడ్డలు, చర్చి ఫాదర్ల హాస్టలు పిల్లలు, కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన ఆఫీసర్ల పిల్లలు, అందరికీ ఒక్కటే గంట.

మా హెడ్మిస్ట్రెస్‌ను అందరు ఉర్దూల బడీ ఆపా, అంటే పెద్దక్క, అనేటోళ్ళు. మెల్లగ మాట్లాడేది, బెత్తం పట్టేది కాదు. (బెత్తం పట్టనోళ్ళకు బడి నడుపుడు రాదని నా అభిప్రాయం. ఎవరూ అడగకముందే చెప్పేదాన్ని.) ఆ ఏడు వానకాలంల, బడికి లీడర్‌గ ఎవరైతే బాగుంటదో రాసియ్యుండ్రని టీచర్లందరినీ అడిగింది. నేను రెండు కాయితాలు నింపిన. తహసీల్దారు బిడ్డ పేరు రాసిన. రిబ్బన్లు మాయవు, ఉపన్యాసంల తడబడదు. అంతటితోని ఊకోక, ఎవరు పనికిరారో గూడ రాసిన. అందుల మొదటి పేరు గడబిడది. తొమ్మిదో తరగతి, హాస్టలు పిల్ల. వాళ్ళమ్మ రోడ్డు పనికి పోయేది. అసలు పేరు హాజరు పట్టీలనే ఉండేది, పిలిచేది మాత్రం గడబిడ అనే. 'నోరెక్కువ. పక్క తరగతుల సంగతులన్ని ఈమెకే కావాలె' అని రాసిన.

బడీ ఆపా చదివి, "పక్క తరగతి సంగతి పట్టించుకునుడు తప్పా బిడ్డా?" అన్నది. "క్రమశిక్షణ ఉండదు ఆపా," అన్న నేను, ముప్పై ఏండ్ల సర్వీసు ఉన్నట్టు. ఆమె నవ్వి, ఆ కాయితాలు మడిచి సొరుగుల పెట్టింది.

తర్వాతి వారం ఆమె మీటింగ్‌కని హైదరాబాదు పోయింది. మిగతా టీచర్లను ఓటర్ల జాబితా పనికి పంపిండ్రు. మిగిలింది నేను, చిన్న తరగతులు చూసే కుట్టు టీచరమ్మ. ఇన్‌చార్జి నేనే. భారతదేశ పటం తెద్దామని స్టోరు గదిలకు పోయిన. గాలికి తలుపు దబ్బున పడ్డది. నాలుగు రోజుల ముసురుకు కట్టె ఉబ్బి ఉన్నదేమో, ఇంక గుంజినా రాదు, నూకినా రాదు. నేను అరిస్తే గడబిడ ఉరికొచ్చింది. నలుగురు పిల్లలు భుజాలు పెట్టి నూకినా తలుపు కదలలేదు.

"టీచర్, ఫికర్ చేయకుండ్రి. తలుపులు చెక్కే వడ్లాయన కోసం పంపిన. గందాక క్లాసులు మేం చూసుకుంటం," అన్నది గడబిడ.

"మీరేం చూస్తరు? అందరిని నిశ్శబ్దంగ కూసోమను," అని లోపలినుంచే హుకుం చేసిన.

సరిగ్గ అప్పుడే జీపు చప్పుడైంది. పదో తరగతి ఇయ్యాల్నా వద్దా అని చూడవలసిన ఇన్‌స్పెక్ట్రెస్ మేడం, చెప్పకుండ వచ్చింది. తలుపు సందుకు చెవి పెట్టిన.

"మీ టీచరు గారెక్కడ?" అని మేడం గొంతు.

"స్టోరు గదిల ఇరుక్కపోయిందమ్మ. తలుపు ఉబ్బింది, వడ్లాయన వస్తుండు. మీరు రాండ్రి, బడి చూపిస్త," అన్నది గడబిడ. ఉన్నదున్నట్టు చెప్పి నా పరువు తీసిందని పండ్లు కొరుక్కున్న.

అడుగుల చప్పుడు వరండా పొడుగున పోయింది. గొంతులను బట్టి నాకు ఒక్కొక్కటే తెలుస్తున్నది. ఆరో తరగతి పిల్లలతోని తహసీల్దారు బిడ్డ ఎక్కాలు చెప్పిస్తున్నది. అవతల ఉర్దూ తరగతిల, ఎన్నడు నోరు విప్పని, పర్దా రిక్షాల వచ్చే పిల్ల ఒకతె పాఠం చదివిస్తున్నది. తొమ్మిదోల నేను సగంల ఆపిన లెక్కను సేటు బిడ్డ పైకి చెప్పుకుంట నల్లబల్ల మీద చేస్తున్నది, అదీ నాకన్న నిమ్మలంగ. ఎవరికి ఏం వస్తదో చూసి గడబిడ వాళ్ళను అక్కడక్కడ నిలబెట్టింది. పక్క తరగతుల సంగతులు తెలిసినోళ్ళకే గదా అది చేతనయ్యేది.

కొద్దిసేపటికి మేడం గొంతు తలుపు దగ్గరికే వచ్చింది. "ఏమమ్మా, ఈ ఏర్పాటంతా మీరు చేసిందేనా?"

అవునంటే అయిపోయేది. నాలిక చివరిదాక వచ్చింది గూడ. కాని అవతల ఆ పిల్ల నిలబడి వింటున్నది. "కాదు మేడం. నేను నిశ్శబ్దంగ కూసోమన్న. ఇదంత వాళ్ళే చేసుకున్నరు," అన్న.

బయట నవ్వినట్టైంది. "అయితే తొందరేం లేదు, నెమ్మదిగా రండి. బడి బాగానే నడుస్తోంది."

వడ్లాయన వచ్చి తలుపు అంచు చెక్కితే బయటపడ్డ. నెత్తినిండ బూజు, చంకల చుట్ట చుట్టిన భారతదేశం. పిల్లలు ఒక్కరు నవ్వలేదు. "టీచర్, చెవి మీద సాలెపురుగున్నది," అని గడబిడ మాత్రం మెల్లగ చెప్పింది.

రెండు నెలలకు పదో తరగతి మంజూరైంది. ఆ కాయితం చేతిల పట్టుకుని బడీ ఆపా దగ్గర, లీడర్‌గ గడబిడనే పెడుదామన్న. "మిగతా టీచర్లందరు ఎప్పుడో ఆ పేరే రాసిండ్రు బిడ్డా," అన్నదామె. "నీ కోసమే ఆగిన."

మరుసటి ఏడు జూన్‌ల ఆ పిల్లలు పదో తరగతి గదిలకు బారు కట్టి నడిచిపోతుంటే, ఆ బడంత నేనే కట్టినంత గర్వంగ గుమ్మం దగ్గర నిలబడ్డ. తర్వాత నేను గూడ హెడ్మిస్ట్రెస్‌నైన, రిటైరైన. ఇప్పుడు ఆ ఇరవై ఏండ్ల టీచరమ్మ ఎదురైతే కోపం చేయను. పక్కన కూసోబెట్టుకుని చాయ్ పోస్త. నీ పిల్లలెట్లాంటోళ్ళో చెప్పు బిడ్డా అని అడుగుత. సగం తప్పే చెప్తదని తెలుసు. అయినా చివరిదాక వింట.