లీటరుకు పదమూడు ఇచ్చిన మా పెద్ద కారు

మా చిన్నప్పుడు... గురువారం పొద్దున్నే ఆలూరులో మా ఇంటి ముందు ఓ తెల్లటి పొడుగాటి కారు తలుపులు బార్లా తెరుచుకుని సిద్ధంగా ఉండేది. వెనక సీటు మీద అమ్మ బొంత పరిచేది. బాపు వాళ్లమ్మను, అంటే మా నానమ్మను, రెండు చేతుల మీద ఎత్తుకొచ్చి అందులో కూర్చోబెట్టేవాడు. నానమ్మ కుడికాలు సీటు పొడవునా చాపుకుని "హమ్మయ్య" అనేది.

షుగర్ వల్ల ఆమె పాదానికి పుండు పడింది. వారం వారం మొయినాబాద్ దవాఖానలో కట్టు మార్చాలి. తప్పితే కాలు దక్కదని డాక్టరమ్మ ముందే చెప్పేసింది. బస్సులో ఆ కాలు మడవలేదు... ఆటోలో గుంత గుంతకూ కేక పెట్టేది, వినలేకపోయేవాళ్లం.

అందుకే బాపు ఆ కారు తెచ్చాడు. కనకమామిడిలో ఆయన తోట చూసుకునే ఫామ్‌హౌస్ సారు కొత్త బండి తీసుకుని, పాతదాన్ని దాదాపు పాత ఇనుము రేటుకే ఇచ్చేశాడు. మేమంతా ఎగిరి గంతేశాం. అయ్యో రామా... కొనడం చవకే గానీ, సాకడం చవక కాదని ఎవరికి తెలుసు!

మొదటి నెలలోనే రెండు టైర్లు, ఒక బ్యాటరీ. ఆ తర్వాత ఇన్సూరెన్స్. చేవెళ్లలో మెకానిక్ బానెట్ ఎత్తాడంటే చాలు, "అన్నా, గీ సామాను ఈడ దొరకది, పట్నం నుంచి తెప్పియ్యాలె" అనేవాడు. బాపు ఏసీ మీట ముట్టుకోనిచ్చేవాడు కాదు. చెమటలు కక్కుకుంటూ వెళ్లి చెమటలు కక్కుకుంటూ వచ్చేవాళ్లం.

ఇక పెట్రోల్ సంగతి... ట్యాంకు నిండా పోయించి, రెండు వారాలు తిప్పి, మళ్లీ నిండా పోయించి చూసేవాడు బాపు. లెక్క చేసే పని ఆరో తరగతి చదివే నాది. తొంభై ఒక్క కిలోమీటర్లకు పదమూడు లీటర్లు పట్టింది. భాగించి, తెలివి ఒలకబోస్తూ గట్టిగా చదివాను. "ఏడు!"

మంచం మీదున్న నానమ్మ విననే విన్నది.

"బిడ్డా, నా ఒక్క కాలు కోసం ఇల్లంత ముంచుతున్నవా? ఇంకో రెండు వారాలు చూస్త. లీటరుకు పదన్న ఇస్తె ఉంచు, లేకుంటె అమ్మేయ్. నేను దవాఖానకు రాను, గంతే."

"గట్ల అనకు అవ్వా... నీకెందుకు ఆ ఫికర్?" అని బాపు బతిమాలాడు. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. నానమ్మ ఒకసారి 'గంతే' అన్నదంటే ఇక దేవుడు దిగొచ్చినా వినదు. అంత గట్టిగా చదివిన నా నోటిని నేనే తిట్టుకున్నాను. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

రెండు రోజులు ఆలోచించాక నా బుర్రకు ఓ ఉపాయం తట్టింది. మధ్యలో ఎవరికీ తెలియకుండా ట్యాంకులో కొంచెం పెట్రోల్ పోస్తే, మళ్లీ నింపేటప్పుడు తక్కువే పడుతుంది కదా! పండక్కి మా మామ ఇచ్చిన డబ్బులు గల్లాపెట్టెలో ఉన్నాయి. మా ఊరి కిరాణా దుకాణంలో కూల్‌డ్రింక్ సీసాల్లో పెట్రోల్ అమ్మేవారు. బాపు తెమ్మన్నాడని చెప్పి లీటరు సీసా తెచ్చాను. మేకుకు తగిలించిన తాళంచెవి తీసి, ట్యాంకు మూత తెరిచి పోసేశాను. నాలుగు రోజులకు ఇంకోటి.

మూడో సీసాకు వెళ్లినప్పుడు దుకాణం అన్న నవ్వాడు. "ఏంది పిల్లా, మీ ఇంట్ల పెట్రోల్ తాగుతున్నరా ఏంది? జర సేపటి కిందనే మీ అమ్మ గూడ సీసా కొనుక్కపాయె. గిది ఆమెకు మూడోది."

ఆ కారు తప్ప, పెట్రోల్ పొయ్యడానికి మా ఇంట్లో మోపెడ్ అయినా లేదు!

ఇంటికొచ్చి అమ్మను చూశాను. అమ్మ నన్ను చూసింది... నా చేతిలో సీసాను చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆమె నవ్విన నవ్వు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

మళ్లీ అదే తొంభై ఒక్క కిలోమీటర్లు. చేవెళ్ల బంకులో ఏడు లీటర్లకే ట్యాంకు నిండిపోయింది. లెక్క చేస్తే పదమూడు! నా మూడు సీసాలే అయితే తొమ్మిది దగ్గరే ఆగిపోయేది... అమ్మే గట్టెక్కించింది.

బాపు ఆనందం చూడాలి! "అవ్వా, పదమూడు ఇచ్చింది! బండి ఇప్పుడు సెట్ అయింది!" అంటూ వాకిలంతా తిరిగాడు.

నానమ్మ నన్ను దగ్గరికి పిలిచి చెయ్యి పట్టుకుంది. సబ్బుతో ఎంత రుద్దినా పెట్రోల్ వాసన పోలేదు. ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని, తలెత్తి అమ్మ వైపు చూసింది. అమ్మ ఎక్కడలేని శ్రద్ధగా బియ్యంలో రాళ్లు ఏరడం మొదలుపెట్టింది.

"మంచి బండే రా. దీన్ని అమ్మొద్దు" అంది నానమ్మ బాపుతో. అంటుంటే ఆమె కళ్లు నిండిపోయాయి.

ఏడు నెలలు పట్టింది గానీ, పుండు మానింది. ఆఖరి గురువారం దవాఖాన మెట్లు నానమ్మ తన కాళ్ల మీదే దిగింది. కారెక్కాక నా చెవిలో మెల్లగా అంది... "గీ బండి పెట్రోల్ కన్న మీ అబద్ధాలే ఎక్వ తాగింది బిడ్డా. నా కాలు నిలవెట్టింది గూడ అవే."

ఇప్పుడు నేను చందనవెల్లికి ఉద్యోగానికి చిన్న కారులో వెళ్తున్నాను. లీటరుకు ఎంత ఇస్తోందో తెర మీద అదే చూపిస్తుంది. లెక్క చేసేవాళ్లు అక్కర్లేదు... ఆ లెక్కను ప్రేమతో తప్పించేవాళ్లూ అక్కర్లేదు. నానమ్మ పోయి చాలా ఏళ్లయింది. వెనక సీటులో నా టిఫిన్ బాక్సు ఒక్కటే కూర్చుంటుంది.

మీరూ ఇంట్లో ఎవరి కోసమైనా ఇలాంటి అబద్ధం ఆడారా? కింద రాయండి, చదువుకుంటాను. కానీ మా బాపు కనబడితే మాత్రం ఈ సంగతి చెప్పకండి... ఆ కారు పదమూడు ఇచ్చిందని ఆయన ఈరోజుకీ అందరికీ గొప్పగా చెప్పుకుంటున్నాడు.