మైకు మాస్టారి పుక్కిట నీళ్ళు

మైకు మాస్టారు సైన్సు పాఠం మొదలుపెడితే పక్కగదిలో లెక్కలు ఆగిపోయేవి. అంత గొంతు ఆయనది. ఊరికే వచ్చిందా ఆ పేరు! ఆయన దగ్గర చదివి డాక్టర్లయినవాళ్ళున్నారు, ఇంజనీర్లయినవాళ్ళున్నారు, విమానం నడిపేవాడు కూడా ఒకడున్నాడు. ఇంట్లో బీరువా తలుపు తీస్తే పతకాలు కాళ్ళమీద పడతాయి. కొత్తగా టీచర్లు కాబోయేవాళ్ళను వాళ్ళ శిక్షణ కళాశాల ఏటా ఆయన తరగతికే పంపేది. వాళ్ళు వెనక బెంచీల్లో కూర్చుని, ఆయన పాఠం చెప్పే తీరు పొల్లుపోకుండా రాసుకునేవారు. పతకాలన్నీ ఒక ఎత్తు, ఆ వెనక బెంచీలు ఒక ఎత్తు మాస్టారికి.

ఆ బెంచీలకే ముప్పొచ్చింది. తెచ్చింది ఎవరో కాదు, సొంత మేనకోడలు.

ఆ అమ్మాయి అదే కళాశాలలో పరిశోధన చేస్తోంది. టీచరు ప్రశ్న అడిగాక పిల్లలకు ఆలోచించుకునే వ్యవధి ఇస్తున్నాడా లేదా అన్నది ఆమె విషయం. మామయ్య తరగతిలో కొన్నాళ్ళు కూర్చుని, పాఠాలు ఫోనులో రికార్డు చేసి, ఆదివారం ఇంటికొచ్చి వినిపించింది.

"మొక్క వంట ఎక్కడ చేసుకుంటుంది? ఆకులో!" అంది ఫోను, మాస్టారి గొంతుతో.

"ఎంత బాగా చెప్పానే!" అని మురిసిపోయారు మాస్టారు.

"చెప్పావులే మామయ్యా. అడిగిందీ నువ్వే, చెప్పిందీ నువ్వే. మధ్యలో పిల్లలెందుకు?"

"పాపం, వాళ్ళకి శ్రమ ఎందుకని!"

"ప్రశ్న అడిగి ఓ మూడు క్షణాలు ఊరుకో. ఎప్పుడూ నోరు విప్పనివాళ్ళు కూడా మాట్లాడతారని చాలా పరిశోధనల్లో తేలింది. ఈసారి అలా ఊరుకోగలిగిన టీచరు దగ్గరికే మావాళ్ళని పంపుతారట. శుక్రవారం మా ప్రిన్సిపాల్ మేడమ్ నీ పాఠం చూడ్డానికి వస్తున్నారు."

"ఊరుకోవడం కూడా ఒక విద్యేనా!" అని మాస్టారు తేలిగ్గా తీసిపారేశారు.

సాధన ఇంట్లోనే మొదలైంది. "ఏమే, నా కళ్ళజోడు ఎక్కడుంది?" అని అడిగి పెదవులు బిగబట్టారు. ఆ నిశ్శబ్దానికి హడలిపోయి భార్య వంటింట్లోంచి పరుగున వచ్చి నుదురు తాకి చూసింది.

"ఒంట్లో ఎలా ఉందండీ? మాట పడిపోలేదు కదా!"

ఇక మాస్టారి వల్ల కాలేదు. "ముక్కు మీదే ఉందిలే!" అనేశారు.

వారమంతా ఇదే వరస. పాలాయన్ని "ఇవాళ ఆలస్యమైందేం?" అని నిలదీసి, ఆయన నోరు తెరిచేలోగా "సైకిలు పంక్చరయ్యుంటుందిలే" అని తానే సర్దిచెప్పి పంపేశారు.

చివరికి భార్యే దారి చూపించింది. "మీ నోరు ఖాళీగా ఉంటే ఆగదండీ. ప్రశ్న అడగ్గానే ఓ గుక్క నీళ్ళు పుక్కిట పట్టండి. పిల్లలు జవాబు చెప్పాకే మింగండి."

"ఇన్నేళ్ళ కాపురంలో ఇంత మంచి సలహా ఎప్పుడూ ఇవ్వలేదే నువ్వు!"

"ఇద్దామంటే మీరు ఊరుకున్నదెప్పుడు?"

శుక్రవారం వచ్చింది. వెనక బెంచీల్లో మేడమ్ వెంట వచ్చిన కాబోయే టీచర్లు, వాళ్ళ పక్కన మేనకోడలు, ముందువరసలో ప్రిన్సిపాల్ మేడమ్. మాస్టారు గ్లాసు నీళ్ళలో ఇనుప మేకు వేశారు. బుడుంగున మునిగింది.

"ఇంత చిన్న మేకు మునిగింది. అంత పెద్ద ఇనుప ఓడేమో తేలుతోంది. ఎందుకు?"

అడిగి, బల్లమీది నీళ్ళ సీసా ఎత్తి గుక్క పట్టారు. బుగ్గలు పూరీల్లా పొంగాయి. జవాబు గొంతుదాకా వచ్చి, నీళ్ళకు తగిలి వెనక్కి పోయింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ పోయింది. పిల్లలు బిత్తరపోయి చూస్తున్నారు. "సార్‌కి పన్ను నొప్పిరా" అని ఒకడు గుసగుసలాడాడు.

అప్పుడు లేచింది ఓ మూల కూర్చునే పిల్ల. ఏడాది మొత్తంలో "ప్రెజెంట్ సార్" తప్ప మరోమాట ఎరగని పిల్ల.

"మేకు లోపలంతా ఇనుమే సార్. ఓడ లోపల బోలెడంత ఖాళీ ఉంటుంది. అందులో గాలి ఉంటుంది. అందుకే తేలుతుంది."

మాస్టారి కళ్ళు మెరిశాయి. ఆ నీళ్ళు మింగబోయారు. కానీ ఆ పిల్ల జవాబు ఇంకా పూర్తికాలేదు.

"మీ పొట్టలాగే సార్. మీరు కూడా తేలుతారు."

పుక్కిట నీళ్ళన్నీ మేడమ్ మీద వానలా కురిశాయి.

మైకు మాస్టారికి మొదటిసారి నిజంగానే మాట రాలేదు. వెనక బెంచీలు కళ్ళముందే ఖాళీ అయిపోయినట్టనిపించింది. మేడమ్ కొంగుతో కళ్ళజోడు తుడుచుకుని, ఆ పిల్లవైపు తిరిగింది.

"ఎప్పుడూ మాట్లాడవటగా, ఇవాళ ఎలా చెప్పావమ్మా?"

"రోజూ సారే చెప్పేస్తారండీ. ఇవాళ సార్ నోరు ఖాళీ లేదు."

మేడమ్ కుర్చీలో ఊగిపోతూ నవ్వింది. "మావాళ్ళని మీ దగ్గరే ఉంచుతాం మాస్టారూ. గొడుగు మాత్రం ఇచ్చి పంపుతాం."

మాస్టారి కీర్తికి తిరుగులేదని మళ్ళీ రుజువైంది. సోమవారం ఆ కాబోయే టీచర్లు తలా ఒక తరగతిలో పాఠం చెప్పారు. ప్రతివాడి చేతిలోనూ సీసానే. ఏ కిటికీలోంచి చూసినా ఉబ్బిన బుగ్గలే. వసారాలో మేనకోడలు తలపట్టుకుంది.

"మామయ్యా, ఊరుకోవడం నేర్పమంటే నీళ్ళు తాగడం నేర్పావా? ఇదేం శిక్షణ? నా పరిశోధనలో ఏమని రాసుకోను?"

మాస్టారు నిదానంగా సీసా ఎత్తి, ఓ గుక్క పుక్కిట పట్టి, ఆమె ముందు బుగ్గలు ఉబ్బించి నిలబడ్డారు.

పరిశోధకురాలు ఒక్క క్షణం కూడా ఆగలేకపోయింది. "పోనీలే, పిల్లలు మాట్లాడుతున్నారుగా!" అని తానే జవాబు చెప్పేసుకుంది.